‘సరే’ మీద వేలు

సస్పెన్షన్ ఉత్తర్వు మీద సంతకం చెయ్యడానికి కలం తీసిన పెద్ద డాక్టరమ్మ సగంలో ఆగి, "ఆ రోజు ఈ అమ్మాయి ఇలాంటివి ఇంకెన్ని మూసేసింది?" అని అడిగింది.

కంప్యూటర్ల అధికారి ఈ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. అతను తెచ్చిన ఫైల్లో ఉన్నది ఒక్క హెచ్చరిక సంగతే. కనుక్కుని చెబుతానని ల్యాప్‌టాప్ తెరిచి, నిలబడే మీటలు నొక్కడం మొదలుపెట్టాడు.

ఆసుపత్రిలో మందుల చీటీలు పోయి కంప్యూటర్లు వచ్చి ఏడాది కావస్తోంది. డాక్టరు మందు పేరు కొట్టగానే యంత్రం ఆ రోగి వివరాలన్నీ చూసుకుని, తేడా కనిపిస్తే టింగుమని గంట కొట్టి, తెర మీద ఎర్ర అంచు డబ్బా ఒకటి తెరుస్తుంది. అది చదివి మందు మార్చుకోవాలి, లేదంటే కింద ‘సరే’ నొక్కి ముందుకు పోవాలి. జనరల్ వార్డు డ్యూటీ డాక్టరు ‘సరే’ నొక్కింది. ఊపిరితిత్తుల్లో నెమ్ముతో చేరిన ఒక తాతగారికి ఫలానా ఇంజెక్షన్ పడదని చేరిన రోజే కంప్యూటర్లో రాసి ఉంది. ఆ అమ్మాయి ఆ జాతి ఇంజెక్షనే రాసింది, యంత్రం హెచ్చరించింది, ఆ అమ్మాయి మూసేసింది. మందు ఎక్కిన కాసేపటికే తాతగారి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, పెదాలు ఉబ్బాయి. పరిగెత్తుకొచ్చి విరుగుడు ఇచ్చిందీ, ఆయన తేరుకునేదాకా మంచం పక్కనుంచి కదలకుండా కూర్చున్నదీ కూడా ఆ అమ్మాయే. సాయంత్రానికి ఆయన టీ అడిగాడు. కానీ డబ్బా ఎప్పుడు తెరుచుకుందో, రెప్పపాటులో ఎలా మూసుకుందో యంత్రం నమోదు చేసి పెట్టుకుంది. శుక్రవారం వేరే ఆసుపత్రుల పెద్దలు ఈ కంప్యూటర్ల ఏర్పాటు చూసి వెళ్ళడానికి వస్తున్నారు. ఆ లోపల తగిన చర్య తీసుకున్నట్టు కనిపించాలని ట్రస్టు ఛైర్మన్ ఫోన్ చేసి మరీ చెప్పాడు.

అధికారి ల్యాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పాడు. ఆవిడ జాబితాను కిందికి జరుపుతూ పోయింది. వేలు నొప్పెట్టింది గానీ జాబితా అవలేదు.

"ఇవన్నీ ఒక్క రోజువా?"

"ఒక్క పూటవి, మేడం," అన్నాడతను. అంటున్నప్పుడే ఆ మాట అతనికీ కొత్తగా వినిపించినట్టుంది, తెర వైపు మళ్ళీ వంగి చూశాడు.

ఆవిడ ఉత్తర్వును డ్రాయర్లో పెట్టి మూసింది. మర్నాడు పొద్దున జనరల్ వార్డులో డ్యూటీ తనే చేస్తాననీ, ఆ పూటకి పిచ్చుక డాక్టరుకు సెలవనీ చెప్పింది. చిన్నగా ఉండి, ఒక మంచం నుంచి ఇంకో మంచానికి ఎగిరినట్టు నడుస్తుందని నర్సులు ఆ అమ్మాయికి పెట్టిన పేరది. పేరు పెద్ద డాక్టరమ్మ దాకా వచ్చిందని అధికారికి అప్పుడే తెలిసింది. అతను వెళ్ళబోతూ గుమ్మం దగ్గర నసిగాడు. మేడం తన లాగిన్‌తో చేస్తే కుదరదు, డ్యూటీ డాక్టరు లాగిన్ ఒకటి ఇప్పిస్తానన్నాడు. తనదానికేమైందని ఆవిడ అడిగింది.

"మీ లాగిన్‌లో హెచ్చరికలు రావండి. పెద్ద డాక్టర్లందరికీ తీసేశాం. కొత్తలో మీరే ఒకసారి విసుక్కున్నారు కదా."

ఆ డ్యూటీ డాక్టరు లాగినే ఇప్పించమంది ఆవిడ.

తెల్లారి ఆవిడ హడావుడిగా మెట్లు దిగి కిందికి వస్తే కారు లేదు. కారుండాల్సిన చోట పిల్లి ఒకటి పడుకుని ఉంది. ఆవిడ భర్త డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. రోజంతా కొత్తవాళ్ళ పక్కన కూర్చుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడం వల్లనో ఏమో, ఇంట్లో జాగ్రత్తలు చెప్పకుండా ఉండలేడు. గ్యాస్ కట్టావా, ఫోన్ ఛార్జింగ్ ఉందా, గొడుగు పెట్టుకున్నావా, మెట్టు చూసుకో. కారు షెడ్డుకిచ్చాననీ పొద్దున తనే దింపుతాననీ రాత్రి భోజనాల దగ్గర కనీసం మూడుసార్లు చెప్పాడట. మూడుసార్లూ ఆవిడ "ఊఁ" అందట.

"ఒట్టు, నాకు వినపడనే లేదు," అంది స్కూటరు వెనక కూర్చుంటూ.

"వినపడింది. లోపలికి వెళ్ళలేదు," అన్నాడతను. "పెళ్ళయిన కొత్తలో వెళ్ళేవి."

దారి పొడుగునా ఆవిడ నవ్వుతూనే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నవ్వు ఆపి, "రోజూ ఎన్ని చెబుతావో ఎప్పుడైనా ఆలోచించావా?" అని అడిగింది. ఆలోచించలేదు గానీ, తన తల్లి మాత్రం నెలకోసారి నోరు విప్పితే కోడలు పరుగెత్తడం గమనించానన్నాడు. అది నిజమే. అత్తగారు మొన్నామధ్య కిటికీ వైపు చూసి "వాన" అనగానే ఆవిడ ఫోన్ మాట్లాడుతూనే వెళ్ళి ఆరేసిన బట్టలన్నీ తెచ్చేసింది.

జనరల్ వార్డు హెడ్ నర్సును అందరూ కల్నల్ అంటారు. సైనికాసుపత్రిలో పనిచేసి వచ్చిన మనిషి, నడిస్తే గచ్చు చెబుతుంది. పెద్ద డాక్టరమ్మ డ్యూటీ డాక్టరు తెల్ల కోటు వేసుకుని గుమ్మంలో నిలబడేసరికి కల్నల్ కళ్ళు ఒక్క క్షణం పెద్దవయ్యాయి. అంతలోనే సర్దుకుని, చక్రాలున్న స్టూలు ఒకటి తోసి, ఇది సరిగ్గా తిరగదు, అయినా కూర్చోండి అని చెప్పి, చేతిలో కేసుల వివరాలు పెట్టేసింది. మర్యాదలు అంతటితో సరి.

మొదటి మంచం జ్వరం. ఆవిడ జ్వరం బిళ్ళ రాసింది. టింగ్. కాలేయం విషయం గమనించండి, అంది డబ్బా. ఆవిడ శ్రద్ధగా చదివి, రోగి రక్త పరీక్షలు తెరిచి చూసి, అన్నీ బాగున్నాయని తేల్చుకుని ‘సరే’ నొక్కింది. సెలైన్ రాసింది. టింగ్. దీనిలో ఉప్పు ఉంది. అది ఆవిడకు తెలుసు. దగ్గు మందు రాసింది. టింగ్. నిద్ర రావచ్చు. పక్క మంచం వాడికి విటమిన్ రాస్తే, అతను నిన్న కూడా విటమిన్ తీసుకున్నాడని చెప్పి మళ్ళీ టింగ్. వెనకాల ఇంకో కంప్యూటరు దగ్గర నర్సు మందులు ఎక్కిస్తున్నట్టు నమోదు చేస్తుంటే అదీ మోగుతోంది. ఆసుపత్రికి డైరెక్టరు కాకముందు ఆవిడ మత్తు డాక్టరు. ఆపరేషన్ థియేటర్లో గుండె చప్పుడు గంట కాస్త తడబడితే, ఎటు తిరిగి ఉన్నా ఆవిడ తల అటు తిరిగేది. అలాంటి చెవులకు ఈ వార్డులో ఏ టింగు ఎవరిదో అంతుపట్టలేదు.

కిటికీ పక్క మంచం మీదున్నది దద్దుర్ల తాతగారు. సర్కస్‌లో బూర ఊది ఊది రిటైరైన మనిషి. ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూడ్డానికి ఛాతీ ఎక్స్‌రే రాయబోతే తెర మళ్ళీ మోగింది. ఈ రోగి గర్భవతి కాదని నిర్ధారించుకోండి.

ఆవిడ రెండుసార్లు చదివింది. పెదాలు బిగబట్టినా భుజాలు కదిలాయి. ఏమైందమ్మా అని తాతగారు లేచి కూర్చుంటే, దాచడం ఎందుకని చదివి వినిపించింది.

తాతగారు కడుపు మీద చెయ్యి వేసుకుని ఆలోచించాడు. "ఇంటికి మాత్రం ఫోన్ చెయ్యకండి. మా ముసలిది ముందు నమ్మేస్తుంది, తర్వాత నన్ను చంపేస్తుంది."

వార్డంతా నవ్వింది. కల్నల్ కూడా నవ్వింది, అయితే ఆమె నవ్వితే శబ్దం రాదు, టోపీ మాత్రం కదులుతుంది. నవ్వులు సద్దుమణిగాక తాతగారు గొంతు తగ్గించి, ఆ చిన్న డాక్టరమ్మ ఇవాళ రాలేదేమని అడిగాడు. సెలవని చెప్పింది ఆవిడ. "ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, తాతగారూ, పొరపాటు నాదే అని చెప్పుకుంది. అడక్కుండా. ఇన్నేళ్ళ సర్కస్‌లో పట్టు తప్పినవాణ్ణి చూశాను గానీ, తప్పింది నేనే అన్నవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు," అన్నాడు. ఆవిడ ఆయన చెయ్యి నిమిరి తర్వాతి మంచానికి వెళ్ళింది.

మధ్యాహ్నం దాటేసరికి వార్డులోకి కొత్తగా ముగ్గురు వచ్చారు, ఒకరి బంధువులు గొడవ పడ్డారు, స్టూలు చక్రం ఒకటి ఊడింది. ఆవిడ నిలబడే మందులు రాస్తోంది. మంచం, మందు, ‘సరే’, మంచం, మందు, ‘సరే’. వేళ్ళకు లయ దొరికింది. ఆ లయలోనే ఒకచోట తన చేతిని తనే చూసుకుంది. డబ్బా ఇంకా తెరుచుకోలేదు. వేలు అప్పుడే ‘సరే’ మీద ఉంది.

వెనక్కి వెళ్ళి, అంతకు ముందు మూసేసిన డబ్బాను వెతికి తెరిచి చదివింది. ఆ మందు తిండికి ముందా తర్వాతా అన్న మామూలు సంగతే. ప్రమాదమేమీ లేదు. కానీ ఉంటే? చదవకుండానే మూసింది కదా. ఉన్నా మూసేదే.

సాయంత్రం ఆవిడ కంప్యూటర్ల అధికారి గదికి తనే వెళ్ళింది. డైరెక్టరు తన గదికి రావడం అతను ఎరగడు. కుర్చీ మీదున్న వైర్ల చుట్టలు గబగబా తీసి కింద పెట్టాడు. ఈ హెచ్చరికల్లో ఏవి మోగించాలి, ఏవి అక్కర్లేదని మొదట ఎవరు తేల్చారని ఆవిడ అడిగింది. అతను కాస్త ఇబ్బంది పడి, కంపెనీ వాళ్ళు ఎంచుకోమన్నారనీ, మీటింగులో ఆవిడే అన్నీ ఉంచెయ్యమన్నారనీ చెప్పాడు. ఆవిడకు గుర్తొచ్చింది. భద్రత విషయంలో పిసినారితనం ఎందుకని అందరి ముందూ అని, చప్పట్లు కూడా కొట్టించుకుంది.

"సరే, ఇప్పుడు ఒక పని చెయ్యగలవా?" అంది. "ఏడాదిగా మోగినవన్నీ నీ దగ్గర ఉన్నాయిగా. ఏ హెచ్చరిక చూసి డాక్టరు నిజంగా మందు మార్చారో, ఏది చూసి ఎవరూ ఎప్పుడూ ఏమీ మార్చలేదో విడదీసి చూపించు."

అతను అప్పటికే కుర్చీ తిప్పేసుకున్నాడు. ఇంతకాలం అతన్ని అందరూ అడిగింది ఎవరు ఏం తప్పు చేశారో తీసి ఇవ్వమనే. యంత్రం ఏం తప్పు చేసిందో చూడమని అడగడం ఇదే మొదలు.

మర్నాడు చిన్న మీటింగు గదిలో నలుగురు కూర్చున్నారు. ఆవిడ, కల్నల్, కంప్యూటర్ల అధికారి, పిచ్చుక డాక్టరు. ఆ అమ్మాయి విచారణకే పిలిచారనుకుని వచ్చింది. ఇస్త్రీ చేసిన కోటు, ఎర్రబడ్డ కళ్ళు, చేతిలో ముందే రాసుకొచ్చిన సంజాయిషీ. పెద్ద డాక్టరమ్మ దాన్ని అందుకోలేదు. కుర్చీ చూపించి, నీతో పనుంది, కూర్చో అంది. ఆ అమ్మాయి కుర్చీ అంచు మీద కూర్చుంది, రెక్కలు ముడుచుకోకుండా.

అధికారి విడదీసి తెచ్చినవి ఒక్కొక్కటే గోడ మీద తెరకెక్కించాడు. మోగినవాటిలో చాలా పెద్ద భాగాన్ని చూసి ఎవరూ ఏనాడూ ఒక్క మందూ మార్చలేదు. కల్నల్ వాటిని పెరేడు మైదానంలో పేర్లు పిలిచినట్టు పైకి చదివింది. సెలైన్‌లో ఉప్పు. తీసెయ్. విటమిన్ మీద విటమిన్. తీసెయ్. స్నానానికి ఇచ్చే సబ్బు మింగరాదు. ఈ చివరిది చదివి కల్నల్ ఆగింది. "మనవాళ్ళెవరైనా మింగారా?" అని అధికారిని గంభీరంగా అడిగింది. అతను రికార్డు వెతకబోయాడు. పిచ్చుక డాక్టరు అన్నాళ్ళ తర్వాత నవ్వింది, ఆ నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల వాల్చేసింది. తాతగారి గర్భం సంగతి వచ్చేసరికి నలుగురికీ కళ్ళ నీళ్ళు.

పడని మందుల హెచ్చరిక వచ్చింది. ఈ అమ్మాయిని ముంచింది అదే. వేరే సంగతికి పోదామని అధికారి మర్యాదగా దాన్ని దాటించబోయాడు. ఆ అమ్మాయే ఆపింది.

"దీన్ని ఇంత తేలిగ్గా మూసేలా ఉంచకండి, సార్. ‘సరే’ తీసెయ్యండి. ఎందుకు ఇస్తున్నామో కారణం రాస్తే తప్ప ముందుకు పోకూడదు. నేను ఎంత తొందరలో ఉన్నా నన్ను ఆపాలి."

ఈ అమ్మాయి గంటలన్నీ పీకెయ్యమంటుందని పెద్ద డాక్టరమ్మ లోలోపల అనుకుంది. తనను ముంచినదాన్నే ఇంకా గట్టిగా కట్టమంటోంది. తను ఈ ఏడాదంతా చేసిన మీటింగుల్లో, ఏది ముఖ్యమని ఈ వార్డుల్లో వాళ్ళని ఒక్కసారీ అడగలేదు. తలుపు దగ్గరికెళ్ళి, టీ ఇంకో విడత పంపమని చెప్పి వచ్చి, కుర్చీ ఆ అమ్మాయి పక్కకు జరుపుకుంది.

శుక్రవారం అతిథులు వచ్చారు. పెద్ద తెర, వరసగా కుర్చీలు, నీళ్ళ సీసాలు. ముందు వరసలో ఛైర్మన్. కాగితం మిల్లు నడిపే మనిషి, మాట తక్కువ, చూపు ఎక్కువ. పెద్ద డాక్టరమ్మ ఈ సభ కోసం నెలరోజులుగా తయారుచేసుకున్న ప్రసంగాన్ని తెరవలేదు. ట్రస్టు నడిపే మిగతా రెండు ఆసుపత్రులకూ ఇదే ఏర్పాటు పెట్టించాలని ఛైర్మన్‌ను ఒప్పించిందీ తనే. ఇది తేడా కొడితే కుర్చీ ఖాళీ చెయ్యాల్సిందీ తనే.

ఛైర్మన్‌ను కంప్యూటరు ముందుకు రమ్మని అడిగింది. సరదాగా ఆయన్నే రోగిని చేసి, మీకు పడని మందేదైనా ఉందా అంటే, నొప్పి మందు ఒకటి చిన్నప్పటి నుంచీ పడదని ఆయన చెప్పాడు. దాన్ని అందరి ఎదుటా రాసింది. తర్వాత తాను చెప్పిన మందులు ఒక్కొక్కటే కొట్టమంది. ఆయన కొట్టాడు. జ్వరం బిళ్ళ, టింగ్. సెలైన్, టింగ్. మొదటి రెండూ ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. విటమిన్ దగ్గర సగం చదివాడు. దగ్గు మందుకొచ్చేసరికి చదవలేదు. చివర్న ఒక ఇంజెక్షన్ పేరు చెప్పింది. టింగ్. ఛైర్మన్ ‘సరే’ నొక్కి, అయిపోయిందా అన్నట్టు తల తిప్పాడు.

"ఆ ఇంజెక్షన్ మీకు పడని మందే, సార్. కంపెనీ పేరు వేరు, అంతే," అందావిడ. "యంత్రం చెప్పింది. మొన్న వార్డులో కూర్చుని నేనూ ఇలాగే చదవకుండా నొక్కాను."

ఛైర్మన్ తెర వైపు తిరిగి, మూసిన డబ్బాను మళ్ళీ తెరిపించుకుని మొదటి నుంచీ చివరిదాకా చదివాడు.

"ఇవన్నీ మోగించమని చెప్పిందెవరు?"

"నేనే, సార్. ఎంత ఎక్కువ మోగితే అంత భద్రం అనుకున్నాను."

"ఆ డ్యూటీ డాక్టరు ఉత్తర్వు?"

"నా డ్రాయర్లో ఉంది. సంతకం చెయ్యలేదు. చెయ్యలేను."

ఛైర్మన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. తన మిల్లులో సైరను రోజంతా కూస్తూనే ఉంటుందనీ, నిజంగా ఏదైనా జరిగితే మాత్రం ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి చెప్పాల్సిందేననీ, ఎవరితోనో కాకుండా తనతో తను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత ఆ అమ్మాయి ఇక్కడుంటే పిలవమన్నాడు.

పిచ్చుక డాక్టరు వార్డు నుంచి మెడలో స్టెతస్కోపుతో వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఛైర్మన్ కంప్యూటరు ముందు కుర్చీలోంచి లేచి, దాన్ని ఆ అమ్మాయి వైపు తిప్పాడు. "ఏవి తీసేస్తున్నారో, ఏవి ఉంచుతున్నారో మాకు చూపించమ్మా. నేను నిలబడి చూస్తాను."

ఆ అమ్మాయి మొదట రెండు వాక్యాలు తడబడింది. కల్నల్ వెనక వరసలోంచి గట్టిగా దగ్గింది. ఇక అక్కణ్ణుంచి ఆగలేదు. వచ్చినవాళ్ళలో ఒకావిడ పేజీల కొద్దీ రాసుకుంది. సబ్బు దగ్గర అందరూ నవ్వారు. చివర్లో ఇంకో అతిథి లేచి, మా ఆసుపత్రిలో కూడా పెద్ద డాక్టర్లకు హెచ్చరికలు రావు, మళ్ళీ పెట్టించాలా అని అడిగాడు. అధికారి ఆవిడ వైపు చూశాడు. ఆ రోజు పొద్దునే తనవన్నీ పెట్టించేసుకున్నానని ఆవిడ చెప్పింది.

ఎవరికీ అభ్యంతరం లేనివాటిని ముందుగా, మిగతావాటిని ప్రతి నెలా కూర్చుని మాట్లాడుకున్నాక తియ్యాలని తేల్చారు. శనివారం తాతగారు ఇంటికి వెళ్ళిపోయాడు. సోమవారం పొద్దున జనరల్ వార్డు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, కంప్యూటర్లు పాడయ్యాయేమోనని నర్సులు రెండుసార్లు ఫోన్ చేశారు. పనిచేస్తున్నాయి కాబట్టే అలా ఉందని అధికారి రెండుసార్లూ ఓపిగ్గా చెప్పాడు. చాలాకాలం తర్వాత ఫ్యాన్ చప్పుడు వినిపించింది. ఎవరో రోగి దగ్గితే ఏ మంచమో తెలుస్తోంది. కల్నల్ మామూలుగా మాట్లాడినా అరిచినట్టుండి, ఆమె తనే గొంతు తగ్గించింది.

పెద్ద డాక్టరమ్మ ఏదో పని పెట్టుకుని అటు వచ్చి, గుమ్మం బయటే నిలబడింది.

అప్పుడు మోగింది. ఒక్కటే, టింగ్.

కల్నల్ తల తిప్పింది. సెలైన్ మారుస్తున్న నర్సు సీసా పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి చూసింది. మంచాల మీదున్నవాళ్ళు కూడా చూశారు. మందు రాస్తున్న పిచ్చుక డాక్టరు చేతులు మీటల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎర్ర అంచు డబ్బాను పై నుంచి కిందికి చదివింది. రోగి పాత వివరాలు తెరిచింది, మూత్రపిండాల పరీక్ష చూసింది, రాసిన మందు కొట్టేసి ఇంకొకటి రాసింది. తెర సద్దు చెయ్యలేదు.

ఆ మంచం మీదున్నది ఒక బస్సు కండక్టరమ్మ. నడుం నొప్పితో చేరింది. అందరూ తన వైపే చూస్తుండటంతో కంగారుపడి, దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"ఏమైంది డాక్టరమ్మా? నాకేమైనా అయిందా?"

"ఏమీ కాలేదండీ," అంది పిచ్చుక డాక్టరు.

ఆ మాట అంటున్నప్పుడు ఆ అమ్మాయి మొహం వెలిగిపోతోంది. వెనకాల కల్నల్ టోపీ కదులుతోంది. గుమ్మంలో ఎవరో పెద్దావిడ నిలబడి, ఎందుకో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఏమీ కాకపోతే వీళ్ళకి ఇంత సంతోషమేమిటో అంతుపట్టక, కండక్టరమ్మ పక్క మంచం వైపు చూసింది.